బాపు తెచ్చిన పొలం యూరియా

మా మేనమామ షాద్‌నగర్‌లో రేకుల షెడ్డు కిరాయికి తీసుకొని బట్టీ పెట్టాడన్న వార్త మా ఇంటికి మొదట మోసుకొచ్చింది మా చిన్నమ్మ. తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. చుట్టాల్లో ఎవరు ఏ పని మొదలుపెట్టినా అది మన పనే అనిపించేది అప్పట్లో. బడికి పోకుండా అవ్వ దగ్గర అక్షరాలు దిద్దుకున్న నాకు మామ అక్కడే పొడి జల్లెడ పట్టే పని ఇచ్చాడు. (ఆ మేలు దేవుడు మరిచిపోడు.) అల్యూమినియం నైట్రేటు, యూరియా నీళ్లలో కరిగించి, గిన్నెను బాగా వేడెక్కిన బట్టీలో పెడితే అది పాలలా పొంగి, తనంతట తానే భగ్గున అంటుకునేది. మంట ఆరేసరికి గిన్నె నిండా దూదిలాంటి తెల్లటి పొడి మిగిలేది. ఎంత వేడినైనా తట్టుకునే సిరామిక్ సామాన్లు దానితో చేస్తారట. నేను మాత్రం ప్రతి పొంగుకీ నరసింహస్వామికి దండం పెట్టేదాన్ని. రోజంతా పిలిస్తే స్వామికి తీరికెక్కడిదని మామ నవ్వేవాడు.

మొదటి ఆర్డరు ఇవ్వాల్సిన పెద్దమనిషి నమూనా చూడటానికి వచ్చిన రోజే డబ్బాలోని శుద్ధమైన యూరియా అడుగంటింది. ఇంకోరోజు రమ్మని మామ చెప్పబోతుండగా, లైన్లో నిలబడి సంపాదించిన యూరియా బస్తాతో, పోతూ పోతూ నన్ను చూసిపోదామని బాపు, అంటే మా నాన్న, వచ్చాడు. అది వేపనూనె పూసిన పొలం యూరియా.

"నేనుండంగ నీకేం ఫికర్ బామ్మర్ది? మక్కచేనుకు మల్ల తెచ్చుకుంట, తీస్కో," అన్నాడు.

బావ ప్రేమగా ఇచ్చింది వద్దనడం మా ఇళ్లల్లో లేదు. మామ బస్తా మూతి విప్పాడు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాడో ఏమో.

పొంగు వచ్చింది, మంటా వచ్చింది. దోమలకు వేపాకు పొగ వేసినట్టు షెడ్డంతా పొగ కమ్మింది. పొడి బూడిదరంగులో తేలింది. పెద్దమనిషి చిటికెడు తీసి చూసి, వేళ్లు తుడుచుకొని, కబురు చేస్తానని వెళ్లిపోయాడు.

బాపు ముఖం చిన్నబోయింది. "నా యూరియాతోనే గిట్లయిందా?"

"నీ యూరియా మంచిదే బావ. బట్టీకే జర వేడి సాలలేదు," అన్నాడు మామ, నా వైపు చూస్తూ. నేను జల్లెడ తీసుకొని పక్కకు జరిగాను.

ఆ కబురు రాలేదు. ఏడాది తిరక్కుండానే మామ షెడ్డు ఖాళీ చేసి ఇంకొకరి దగ్గర పనికి కుదిరాడు. బాపు మాత్రం బామ్మర్దిని ఆదుకున్న కథ కనబడినవాళ్లకల్లా చెప్పేవాడు. (మామ పక్కనే కూర్చొని తలూపేవాడు.)

ఇప్పుడు మామ లేడు. ఆయన ఉన్నన్నాళ్లూ, తప్పు బట్టీ మీద వేసుకున్న ఆ ఒక్క మాటకు కాళ్లు మొక్కలేకపోయానే అన్న బాధ నాది. మొన్న బాపు మళ్లీ అడిగాడు, నిజంగా బట్టీదేనా తప్పు బిడ్డా అని. అబద్ధం పాపమని పిల్లలకు చెప్పే నేను, తడుముకోకుండా వేడి సాలలేదన్నాను. అని, నాకు నేనే నవ్వుకున్నాను. మీరెవరైనా నరసింహస్వామి గుట్టకు పోతే, స్వామి ముందు మా మామను ఒకసారి తలుచుకోండి.