తాత నమ్మి చెప్పిన ఓడ కథ

ఇన్నేండ్లు ఈ ముచ్చట కడుపుల పెట్టుకొని తిరిగిన. తిన్న, నవ్విన, ఇంటిల్లిపాదికి కథలు చెప్పిన. ఇదొక్కటి ఎవ్వరికీ చెప్పలే. పేరు అడగకుండ్రి. నన్ను తలుచుకుంటే నాకే ఓకరింత వస్తది.

అమీర్‌పేటల కంప్యూటర్ కోర్సులు జోరుగ నడిచే దినాలు. ఓ కోర్సుల బిల్డింగు గేటు పక్కన నాకు ఇడ్లీ బండి. ఆ గేటుకు వాచ్‌మన్ వెంకన్న తాత, సముద్రం ఒడ్డు కోరంగి దిక్కాయన. గిరాకీ తగ్గినంక ఒకనాడు తన ఇంటి ముచ్చట చెప్పిండు.

తెల్లోళ్ళు సముద్రం మీద కొట్టుకునే కాలమట. ఇంగ్లీషోళ్ళ సరుకు ఓడ దొరికితే ఫ్రెంచోళ్ళు పట్టుకునుడు, వీళ్ళది దొరికితే వాళ్ళు. రాజు కాగితం రాసిస్తే అది దొంగతనమే కాదట! తాత ముత్తాతలల్ల ఒకాయన ఇంగ్లీషోళ్ళ బియ్యం ఓడకు చుక్కాని పట్టేటోడు. మద్రాసుకు పోతుంటే ఎదురుంగ ఓ ఓడ వచ్చింది, ఇంగ్లీషు జెండా కట్టుకొని. "మనోళ్ళే" అన్నడట ఆయన. దగ్గరికొచ్చినంక ఆ జెండా దిగింది, ఫ్రెంచి జెండా లేచింది, ఫిరంగులు తిరిగినయి. బియ్యం పోయె, ఓడ పోయె. ఆయన పానంతోటి ఇల్లు చేరినా, పైసలకు అమ్ముడుపోయిండనే ఊరు నమ్మింది. తరాలు మారినా ఆ మాట వాళ్ళ ఇంటిని వదల్లేదట.

"ఎవరితోనూ అనకమ్మాయ్. కథలు చెప్పే నోరు నీది, అందుకే భయం" అన్నడు తాత.

"గంత లూజ్ నోరా తాతా నాది?"

"నోరు లూజే. ఇడ్లీయే గట్టిది."

ఇద్దరం మస్తు నవ్వినం.

కొన్ని దినాలకు ఇద్దరు మనుషులు వచ్చిన్రు, మెడల ఆ కోర్సులోళ్ళ ట్యాగులే. కంప్యూటర్లు రిపేరుకు తీస్కపోతమన్నరు. పైకి ఫోన్ చేసి అడుగుతానని తాత ఆపిండు. వాళ్ళ ఆటో నా బండికి అడ్డం. గిరాకీ ఆగుతున్నదని నేనే అన్న: "మనోళ్ళే తాతా, రోజూ నా దగ్గర తింటరు, పోనియ్యి." రోజూ ఎక్కడ? ఒక్కసారి తిన్నరు. తాత నా ముఖం చూసి గేటు తీసిండు. ఆ ట్యాగులు దొంగవి; ఆరు కంప్యూటర్లు పోయినయి.

ఓనర్ నిలదీస్తే తాత నా పేరు ఎత్తలే. నేను చెప్పొచ్చు. చెప్పలే. పోనీ, నోరన్న మూసుకున్ననా? బండి తీసేయిస్తరని బుగులు పట్టి, నన్నెవరూ అడగకముందే, ఇంట్ల పిల్లలకు చెప్పినట్టు చేతులు తిప్పుకుంట, గొంతు మార్చుకుంట, ఒక్క ముక్క మర్చిపోకుండ ఆ ఓడ కథ మొత్తం విప్పిన. "వీళ్ళ ముత్తాత సుత గిట్లనే అమ్ముడుపోయిండు సార్" అన్న. చుట్టున్నోళ్ళు నవ్విన్రు. ఆ నవ్వు నాకు తియ్యగనిపించింది. ఎందుకనిపించింది? ఎట్లాంటి మనిషిని నేను?

తాత టోపీ తీసి స్టూలు మీద పెట్టిండు. ఆ పూటే ఆయన్ను పనిలకెల్లి తీసేసిన్రు. మల్ల ఒక్కసారి పంజాగుట్ట సిగ్నల్ కాడ బస్సుల కనిపించిండు. నేను ముఖం తిప్పుకున్న.

ఇప్పుడు తాత ఉన్నడో లేడో. మాఫీ అడిగే హక్కు నాకు లేదు, అడుగుతలేను. ఆనాడు అనాల్సింది ఇంతే: సార్, గేటు తియ్యమన్నది నేను.

నేనే. రాసేసిన. జర ఊపిరాడుతున్నది.