అక్క లామినేషన్ చేయించిన ప్రింటు

మా చోడవరంలో బొమ్మంటే రంగులుండాలి, దేవుడో నాయకుడో ఉండాలి. చెక్క మీద చెక్కి, నల్ల సిరా పూసి, కాగితం మీదికి దింపిన ప్రింటు చూపిస్తే "జెరాక్సా మేస్టారూ?" అని అడిగేవాళ్లు. డ్రాయింగు మేస్టారుగా పనిచేసినన్నాళ్లూ జవాబు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

నాకు ప్రెస్సు లేదు. అక్క ఉంది. భర్త పోయాక నా దగ్గరికి వచ్చేసిన అక్క, సిరా పూసిన చెక్క మీద కాగితం పరిచి గరిటె వెనక వైపుతో ఓపిగ్గా రుద్దేది. గోవాడ ఫ్యాక్టరీ ముందు ఆగిన చెరకు బళ్ల బొమ్మ అలా దిగిందే. పది ప్రింట్లు తీశాం. పదకొండోది రాకూడదని, మా పనిలో ఆనవాయితీ ప్రకారం, చెక్కకు అడ్డంగా గాటు పెట్టేశాను. తొమ్మిది వాళ్లకీ వీళ్లకీ ఇచ్చేశాను.

రిటైరయ్యాక ఒక మ్యూజియం నుంచి ఫోనొచ్చింది. మిగిలిన ఆ ఒక్కటీ తమ సేకరణలో పెట్టుకుంటారట. ప్రింట్లను అస్తమానం గోడకు వేలాడదీసి ఉంచరు, వెలుతురుకు కాగితం చెడుతుంది. చీకటి సొరుగులో పడుకోబెట్టి, ఎప్పుడో ఒక ప్రదర్శనకు బయటికి తీస్తారు. సొరుగైతేనేం? పిల్లల్లేనివాణ్ణి. నేను పోయాక నాదంటూ ఒకటి ఉంటుందని పొంగిపోయాను.

వాళ్లు వచ్చే ముందురోజు నేను రోలుగుంటలో పెళ్లికి వెళ్లాను. వాన పడి గది కారింది. మా వైపు విలువైన కాగితమంటే లామినేషన్ చేయించాల్సిందే, సర్టిఫికెట్టయినా రేషను కార్డయినా. అక్క ప్రింటును పాత చీరలో చుట్టి బజారుకు తీసుకెళ్లింది.

"సూడరా, ఇంక నీళ్లల్లో ముంచినా ఏటీ అవదు," అంది నేను రాగానే, ముఖం వెలిగిపోతూ.

మర్నాడు మ్యూజియం ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "వేడికి ప్లాస్టిక్ అంటుకుపోయిందండీ, ఇంక ఊడదు. ఇలా అయితే మేం తీసుకోలేం. మరో కాపీ లేదా?"

లేదు. ఆవిడ టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నీ చెయ్యి పడితే ఏదీ మిగలదని అక్కను అనేశాను. భర్త పోయిన మనిషిని.

మొన్న కొత్త చెక్క చెక్కి, సిరా పూసి పిలిచాను. అక్క గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నానొద్దురా బాబూ. నా సెయ్యి పడితే ఏదీ మిగల్దు," అంది.

కోపంగా అనలేదు. నిజమేనని నమ్మి అంది.