ఒడి తడిసిన మధ్యాహ్నం

మొన్న కామారెడ్డిలో కుర్ర డాక్టర్లకు పసిపిల్లల అత్యవసర వైద్యం మీద శిక్షణ ఇస్తున్నారని, పాతకాపును కదా వచ్చి కూర్చోమని మా మేనల్లుడు తీసుకుపోయాడు. బల్ల మీద ఒక రబ్బరు పాప. దానికి ఊపిరి ఊదుతున్నారు, ముక్కులోంచి కడుపులోకి సన్న గొట్టం వేస్తున్నారు, తప్పితే మళ్లీ మొదటినుంచి వేస్తున్నారు, ఆ పాప మాత్రం కిమ్మనదు. మంచి ఏర్పాటే, మా కాలంలో మా తప్పులన్నీ ప్రాణమున్న పిల్లల మీదే జరిగేవి. అయినా ఆ గొట్టం చూడగానే నా ముక్కు చుర్రుమంది, నలభై ఏళ్ల కిందటి ఎల్లారెడ్డి ఊరు గుర్తొచ్చింది.

ఎనభైల మొదట్లో, పట్టా చేతికొచ్చిన ఏడాదే, అక్కడొక చిన్న దవాఖానాలో చేరాను. మా అమ్మ వయసున్న పెద్ద సిస్టరమ్మ ఒకావిడ ఉండేది. గంజి పెట్టిన తెల్లచీర మడత నలగకుండా కట్టేది, దానికి ఎవరి చెయ్యి తగిలినా కసిరేసేది. కొత్త డాక్టరు వస్తే ఆవిడ దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. మొదటి వారమంతా సూదీ మందూ ముట్టనివ్వకుండా, పిల్లలు తల్లి ఒడిలో ఉండగానే చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టమనేది. పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలి, ఎంతసేపటికి సర్దుకుంటుందో చూడమనేది. ఆఖరి రోజు అద్దం ముందు కూర్చోబెట్టి, ఆ గొట్టాన్ని ఎవరి ముక్కులో వాళ్లనే వేసుకోమనేది. నాకంటే ముందొచ్చినవాళ్లంతా కళ్లనీళ్లు కారుతుండగా వేసుకున్నవాళ్లేనట. ఊపిరి లెక్క దాకా నేనూ వినయంగానే ఉన్నాను గానీ, గొట్టం దగ్గరికొచ్చేసరికి పౌరుషం పొడుచుకొచ్చింది. కాలేజీలో పిల్లల వైద్యంలో మొదటివాణ్ణి, నాకీ తతంగమేమిటని నవ్వేసి లేచిపోయాను. ఆవిడ గొట్టాన్ని మరిగించి డబ్బాలో పెట్టుకుంది.

తర్వాత నాలుగైదు రోజులకే, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, దగ్గర్లోని పల్లెనుంచి ఒక కూలి తల్లి తొమ్మిది నెలల పిల్లవాణ్ణి భుజాన వేసుకొచ్చింది, వెనకాలే ఆమె అత్త. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి, ఏడ్చే ఓపిక లేదు, పొద్దుటినుంచి మూత్రమే లేదు, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలిచిపోయింది. "నీళ్లు తాపితే ఇంకింత పోతదని నిన్నటి సంది బందు వెట్టినం సారూ" అంది అత్త, మంచే చేశామన్న నమ్మకంతో.

సెలైన్ ఎక్కించడానికి సూది అందుకున్నాను. నీళ్లింకిపోయిన ఒంట్లో నరం దొరకడమంటే మాటలా? చేతిలో, కాలిలో, తలమీద, మూడు చోట్ల పొడిచి నాలుగోదానికి సిద్ధమయ్యాను. అప్పటికి పిల్లవాణ్ణి మరచిపోయి సూదినే పట్టుకు వేలాడుతున్నాను. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది. కామారెడ్డి పంపుదామంటే బస్సులో గంటపైనే, అంతసేపు వాడు ఆగేలా లేడు.

"డాక్టర్ సాబ్, సూది పక్కకు వెట్టుండ్రి. నరం దొర్కకుంటే కడుపు లేదా?" అంటూ సిస్టరమ్మ ఆ గొట్టాన్ని నా చేతికిచ్చింది. నాకు రాదని ఆ తల్లి ముందే ఒప్పుకోవలసి వచ్చింది. ఎత్తిపొడుపు మాట ఒక్కటైనా అనకుండా, పిల్లవాణ్ణి తన ఒడిలోకి తీసుకుని, నా చేతిమీద తన చెయ్యి వేసి, వాడు మింగినప్పుడల్లా ఇంత ఇంత జరిపించింది. గొట్టం కడుపులోకే చేరిందో లేదో తెలియడానికి సిరంజితో కాస్త గాలి పంపి, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి, గుడగుడమని వినిపించిందని నేను చెప్పాక గానీ, ఉప్పూ చక్కెరా ఉన్న ప్యాకెట్టు కలిపిన నీళ్లు వదలనివ్వలేదు. అక్కణ్ణుంచి చుక్క చుక్కగా మూడు గంటలు, వాణ్ణి ఒడిలోంచి దించకుండా, నన్ను పక్కనుంచి కదలనివ్వకుండా కూర్చుంది. మధ్యలో ఆ అత్తకు కోప్పడకుండానే చెప్పింది: "పోయినన్ని నీళ్లు మల్ల పొయ్యాలె అవ్వా. పొయ్యి మీది కుండల నీళ్లు ఇంకితే పగుల్తది గదా."

ఎండ వాలుతుండగా ఆవిడ ఉన్నట్టుండి నవ్వింది. గంజి చీర మోకాళ్ల దాకా తడిసిపోయింది. "ఒంటికి వోసిండు సాబ్! బతికిండు!" అంది. ఆ తల్లి కంగారుగా కొంగుతో తుడవబోతే, ఉండనియ్యి బిడ్డా అని ఆపింది. వాడు గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టాడు; నేను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. మా ఎవ్వరి చెయ్యీ తగలనివ్వని ఆవిడ, డ్యూటీ దిగేదాకా ఆ తడి చీరతోనే తిరిగింది.

మర్నాడు పొద్దున్నే, ఎవరూ చెప్పకుండానే, అద్దం ముందు కూర్చుని గొట్టం వేసుకున్నాను. దగ్గుతూ తుమ్ముతూ నానా అవస్థ పడుతుంటే, ఆవిడ చూసీ చూడనట్టు గ్లాసుడు నీళ్లు పక్కన పెట్టి వెళ్లింది. నాకు గురువులు చాలామందే ఉన్నారు గానీ, దండం పెట్టాలనిపించేది మాత్రం ఆవిడకే.

ఇప్పుడు నరం దొరక్కపోతే ఎముకలోకే ఎక్కించే సూదులున్నాయి, ఊపిరి లెక్కపెట్టే యంత్రాలున్నాయి. పిల్లలు బతుకుతున్నారు, అంతకంటే ఏం కావాలి? మొన్న ఒక డాక్టరమ్మాయి మొదటిసారికే గొట్టం చక్కగా వేసి నావైపు చూసింది. బాగా వేశావమ్మా అన్నాను, మనస్ఫూర్తిగానే. సిస్టరమ్మ పోయి చాలా ఏళ్లయింది, ఉంటే ఆవిడా మెచ్చుకునేదే. అంతా అయ్యాక రబ్బరు పాపను పెట్టెలో సర్దబోతుంటే, ఒకసారి ఇటివ్వమని అడిగి ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. కుర్ర డాక్టర్లు ఫొటో కోసమనుకున్నారు. కాసేపటికి లేచి పాపను తిరిగి ఇచ్చేశాను. ఒడి పొడిగానే ఉంది.