టైగర్ మేజర్ గారి ఊరికి ప్యాసింజర్ బండిలో

సేనాపతులకు యుద్ధభూమిలో మారుపేర్లు మూడు రకాలుగా వస్తాయని కాలేజీలో ఉన్నన్నాళ్ళూ చరిత్ర పాఠం చెప్పాను. శత్రువు భయపడి పెట్టేది ఒకటి, పత్రికలవాళ్ళు పెట్టేది ఒకటి, సొంత సైనికులు చాటుగా నవ్వుకుంటూ పెట్టేది ఇంకొకటి. నాలుగో రకం కూడా ఉందని రిటైరయ్యాక తెలిసింది. అది ఫ్లెక్సీ షాపువాళ్ళు పెట్టేది. నా అజ్ఞానం పోగొట్టిన పుణ్యం నరసింహరాజు గారిది.

ఆయనది మొగల్తూరు దారిలో ఊరు, రొయ్యల చెరువుల వ్యాపారం. వాళ్ళ బాబాయి గారు మిలిటరీలో మేజరుగా చేసి వచ్చి ఎనభై దాటిన పెద్దమనిషి. ఆయన పేర ఊరి మొదట్లో స్వాగతద్వారం కట్టించారట. ఒకరోజు ఫోన్ చేశారు.

"మేడం గారూ, ఆర్చి కింద నల్లరాయి ఫలకం పెడుతున్నామండి. మా బాబాయి గారికి యుద్ధంలో టైగర్ అనే పేరు ఎలా వచ్చిందో మీరో నాలుగు లైన్లు రాసిపెట్టాలండి."

"ఎలా వచ్చిందండీ?"

"అదే కదండీ, మీరు రాస్తే మాకూ తెలుస్తుంది."

ఇంత నిజాయితీగా చరిత్ర రాయమని నన్నెవరూ అడగలేదు. వెంటనే ఒప్పుకున్నాను.

శ్రావణ మాసం. ఉదయం ఏడింటికి రాజమండ్రి స్టేషనుకు వెళ్ళాను. నరసాపురం ప్యాసింజరు తన తీరిక చూసుకుని ఎనిమిది కావస్తుండగా వచ్చింది. ఈ దారిన వెళ్ళదలచినవారు టిఫిను ఇంట్లోనే కానిచ్చుకోవడం మంచిది. బండిలో దొరికేవి వేరుశనగలు, జామకాయలు, ఇతరుల సంసారాల గురించిన సమాచారం. మూడోది ఉచితం.

నా పక్కన భీమవరం వెళ్ళే ఒకావిడ కూర్చుంది. మేజర్ గారి ఊరనేసరికి ఆవిడ మొహం వెలిగిపోయింది. "టైగర్ గారా అండీ! మా ఆడపడుచుది ఆ పక్క ఊరే. బోర్డర్లో పులితో కలబడి చంపేసేరంటండి." ఆ పులి ఏ దేశం తరఫున పోరాడిందో ఆవిడకు తెలియదు, నేనూ రెట్టించలేదు.

ఎదురు సీట్లో ఒక ముసలాయన కూర్చున్నాడు. ఎర్ర తలపాగా, పెద్ద తెల్లమీసాలు, ఒళ్ళో రేకు పెట్టె. బండి గోదావరి వంతెన ఎక్కింది. పక్కావిడ చిల్లర తీసి నదిలో వేసి దండం పెట్టుకుంది. కింద వరదనీరు ఎర్రగా, నురగతో పోతోంది. అది చూడగానే ముసలాయన చటుక్కున లేచి కిటికీ ఊచలు పట్టుకున్నాడు.

"ఇదే రంగు! ఆరోజు కూడా ఇదే రంగు!" అన్నాడు హిందీలో.

ఎప్పుడో పరీక్షల కోసం నేర్చుకున్న హిందీని దులిపి బయటకు తీసి, ఏరోజని అడిగాను. ఆయన పేరు భన్వర్ సింగ్. రాజస్థాన్ ఎడారి నుంచి రెండు రోజులుగా ప్రయాణం చేస్తున్నాడు. సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. ఎవరింటికి వెళ్తున్నారంటే, "మా రుకో సాబ్ ఇంటికి" అన్నాడు. పెట్టెలోంచి ఆహ్వానపత్రిక తీసి చూపించాడు. దాని మీద మా మేజర్ గారి ఫోటో ఉంది. వెనకాల నోరు తెరిచిన పులి ఉంది. తెలుగు రాదు కాబట్టి, ఆ పులి ఎందుకుందో ఆయనకు అర్థం కాలేదు.

"రుకో సాబ్ ఏంటండీ?"

నిడదవోలు వచ్చేదాకా చెప్పాడు. అప్పట్లో మేజర్ గారు కెప్టెన్. సరిహద్దు దగ్గర ఒక ఏరు దాటమని పైనుంచి ఆర్డరు వచ్చింది. నీళ్ళు మోకాలి లోతు. కుర్రాళ్ళంతా దిగబోతుంటే కెప్టెన్ ఒడ్డున వంగి నీళ్ళు చూసి "రుకో", అంటే ఆగండి, అన్నాడు. రంగు మారుతోందనీ, పైన ఎక్కడో వరద దిగిందనీ అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. వైర్‌లెస్‌లో పెద్ద ఆఫీసరు పిరికివాడా అని తిట్టాడు. ఈయన కదల్లేదు.

"మేమంతా ఎడారివాళ్ళం. మాకు నీళ్ళు దొరకడమే గొప్ప, వాటి రంగెవరు చూస్తారు? సాబ్ భయపడ్డాడని నవ్వుకున్నాం. రుకో సాబ్ అని పేరు పెట్టింది నేనే." "పక్క కంపెనీ దిగింది. మేం చూస్తుండగానే ఏరు చెట్లెత్తున వచ్చింది. మర్నాటి నుంచి అదే పేరుతో ఆయనకు దండం పెట్టేవాళ్ళం. మా కంపెనీలో మిగిలింది ఇప్పుడు నేనొక్కణ్ణే."

పక్కావిడకు తెలుగులో చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "మరి పులెప్పుడు వచ్చిందండీ?" అంది.

పదకొండు దాటాక నరసాపురంలో దిగి ఇద్దరం ఆటో కట్టించుకున్నాం. ఊరు రాకముందే ఫ్లెక్సీలు మొదలయ్యాయి. స్తంభానికొక పులి. ఆర్చి మీద స్టీలు అక్షరాలు ఎండకు తళతళలాడుతున్నాయి: టైగర్ మేజర్ వెంకట్రామరాజు గారి స్వాగతద్వారం. ద్వారానికి అడ్డంగా రిబ్బను కట్టి, లోపల బిర్యానీ గుండిగలు దించుతున్నారు.

నరసింహరాజు గారు ఎదురొచ్చి మర్యాదగా నా సంచి అందుకున్నారు. ఆయన్ని పక్కకు పిలిచి, రైల్లో విన్నది చెప్పి, ఈ టైగర్ సంగతేంటండీ అని అడిగాను.

"ఫ్లెక్సీ షాపులో రెండే డిజైన్లు ఉన్నాయండి. పులి, సింహం. సింహం ఎదుటి వర్గంవాళ్ళు వాడేసేరండి."

"ఆ రుకో అనేది..."

ఆయన గొంతు తగ్గించారు. "నాకు తెలుసండి. బాబాయి గారు ఎప్పుడో చెప్పేరు. యుద్ధంలో ఆగిపోయేడని రాయి మీద చెక్కుకుంటామా చెప్పండి? నలుగురూ నవ్వరూ? అసలే ఆయన ప్రతిదానికీ ఆగండి ఆగండి అంటారు. ఆయన మాట వింటే ఈ ఆర్చి ఈ జన్మకు లేచేది కాదండి."

మేజర్ గారు వీధి అరుగు మీద ఉన్నారు. సన్నటి మనిషి. భన్వర్ సింగ్ కాళ్ళకు దండం పెట్టబోతే లేపి కౌగిలించుకున్నారు. కాసేపు ఇద్దరూ ఒకరి భుజాలొకరు తడుముకుంటూ ఉండిపోయారు.

భోజనంలో రొయ్యల వేపుడు వడ్డించారు. భన్వర్ సింగ్ ఒకదాన్ని మీసం పట్టుకుని ఎత్తి, ఇది పురుగా అని అడిగాడు. టైగర్ రొయ్యండి అని నరసింహరాజు గారు గర్వంగా చెప్పారు. ఆ పేరుకు ఊళ్ళో అర్హత ఉన్నది దానికొక్కదానికే అనిపించింది. భన్వర్ సింగ్ మర్యాదకు ఒకటి నోట్లో వేసుకుని, తర్వాత నా ఆకులోవి కూడా తిన్నాడు.

చేతులు కడుక్కునేటప్పుడు మేజర్ గారు మెల్లగా అన్నారు. "నాలుగు లైన్లు రాసేరా అమ్మా?"

"లేదండి. ఏం రాయమంటారు?"

"ఆ పేరు తీసేయమని ఏణ్ణర్ధం నుంచి మొత్తుకుంటున్నానమ్మా. ముసలాడి చాదస్తం అనుకుంటున్నారు. నన్నిక్కడ ఎవరేమన్నా నాకు బాధ లేదు. భన్వర్ ఒక్కడు అంత దూరం నుంచి వచ్చేడు కదా, వాడి ముందు ఆ దొంగపేరు కింద ఎలా నడవను? ఆ పక్క కంపెనీలో పోయినవాళ్ళంతా నాకు తెలిసిన పిల్లలే." చెంబు నేనే అందుకుని ఆయన చేతుల మీద నీళ్ళు పోశాను.

నాలుగింటికి ఊరేగింపు. బ్యాండు, టపాకాయలు, ఆలస్యంగా వచ్చి అందరికంటే తొందరపడుతున్న ముఖ్య అతిథి. మేజర్ గారికి పతకాలున్న కోటు తొడిగి ముందు నడిపించారు. రిబ్బను ముందుకొచ్చి కత్తెర చేతికిచ్చారు.

"ఆగండి" అన్నారు మేజర్ గారు.

అలవాటే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. బ్యాండు ఇంకా జోరందుకుంది.

"ఆ మూడక్షరాలూ దింపండి. అప్పటిదాకా నేను లోపలికి రాను."

"బాబాయి గారూ, ఫంక్షను అయ్యాక చూద్దామండి, అతిథి గారు నిలబడిపోయేరు, బిర్యానీ చల్లారిపోతుంది!"

"ఆరోజు పెద్దాఫీసరు వైర్‌లెస్‌లో నన్ను పిరికివాడన్నాడురా. అప్పుడే కదల్లేదు. నీ బ్యాండుకు కదులుతానా?"

బ్యాండు తనంతట తనే ఆగిపోయింది. భన్వర్ సింగ్‌కు మాట అర్థం కాకపోయినా మనిషి అర్థమయ్యాడు. ముందుకొచ్చి, మడమలు కలిపి సెల్యూట్ కొట్టి, ఊరంతా వినబడేలా "రుకో సాబ్!" అని అరిచాడు. జనం ఆయనేమన్నాడని నా వైపు చూశారు.

నేను మైకు లాక్కున్నాను. నన్ను పిలిచి భోజనం పెట్టిన మనిషి పరువు తీయడానికి ఒక్క క్షణం మొహమాటపడ్డాను, చేతులు కడుక్కుంటూ ఆయన అన్న మాట గుర్తొచ్చి మొహమాటం మానేశాను. మోకాలి లోతు ఏటి దగ్గర నుంచి మొదలుపెట్టి, రైల్లో విన్నదంతా చెప్పాను. పులి లేదని కూడా చెప్పాను.

ఎవరూ నవ్వలేదు. వెనకనుంచి చేపల బుట్టతో నిలబడ్డ ఒక బెస్త ఆవిడ గట్టిగా అంది. "అంటే ఎర్రనీరు కనిపెట్టి మనుషుల్ని ఆపేరా? అలా చెప్పరేంటండి! పులిని చంపితే మాకేంటి? మా ఆయన ఎర్రనీళ్ళలోనే పోయేడు. ఆరోజు ఆగమనేవాడు ఒక్కడు లేకపోయేడు."

నరసింహరాజు గారు తల దించుకుని పనివాళ్ళను పిలిచారు. నిచ్చెన తెమ్మన్నారు. అతిథి గారి సాక్షిగా టై, గ, ర్ ఒక్కొక్కటే కిందికి దిగాయి. అప్పుడు మేజర్ గారు కత్తెర నాకిచ్చి రిబ్బను కోయించి, హవల్దారు చెయ్యి పట్టుకుని ఆర్చి కింద నడిచారు. బిర్యానీ చల్లారింది. అయినా బాగుంది.

మర్నాడు పొద్దున్నే నరసాపురంలో తిరుగు బండి ఎక్కాను. భన్వర్ సింగ్ వారం దాకా కదలడట. ఆయనకు రొయ్యలు పడ్డాయి. సేనాపతుల పేర్ల గురించి నా పాఠంలో మార్చవలసింది పెద్దగా లేదు. చివరికి నిలిచేది, వెనక నడిచినవాళ్ళు పెట్టిందే. వాళ్ళు బతికి ఉండి చెప్పగలగాలి, అంతే. ఫలకానికి నాలుగు లైన్లూ పాలకొల్లు దాటేలోపు రాసేశాను.

భీమవరంలో టీ తాగుతుంటే ఫోన్ మోగింది. నరసింహరాజు గారు. గొంతులో ఉత్సాహం పొంగిపోతోంది.

"మేడం గారూ, ఆర్చి మీద ఖాళీ బోసిగా ఉందండి. ఎదుటి వర్గంవాళ్ళు పార్టీ మారేరు కదా, సింహం వదిలేసేరంటండి. ఇప్పుడే షాపువాడు ఫోన్ చేసేడు. పెట్టించేయమంటారా?"

"ఆగండి!" అన్నాను.

ప్లాట్‌ఫారం మీద నలుగురు నిజంగానే ఆగారు.