రోహిణి కార్తెలో కుండీ మార్చిన అచ్చమ్మ

సూర్యాపేటలో మేముండే ఇల్లు ఆండాళు టీచరుది. ముందు గదుల్లో ఆమె ఉంటుంది. వెనక పోర్షన్‌లో నేను, మేడ మీద అచ్చమ్మ, ఆమె కూతురు ప్రశాంతి కిరాయికి ఉంటాం. నేను కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ సాక్షులు చెప్పింది టైపు కొట్టడమే నా పని. అందుకని ఎవరు ఏం చెప్పినా సగం తీసేసి వినడం అలవాటైపోయింది. అచ్చమ్మ దగ్గర ఆ అలవాటు పనికిరాలేదు. ఆ సంగతే చెబుతాను.

అచ్చమ్మది పెన్‌పహాడ్ పక్క పల్లె. పెళ్లికి ముందు తండ్రి గొర్రెల వెంట, పెళ్లయ్యాక మొగుడు కొమురయ్య గొర్రెల వెంట నడిచిన మనిషి. కొమురయ్య పోయాక కూడా మందను వదల్లేదు. అందులో సొంత జీవాలు తక్కువ, ఊళ్లోవాళ్లు మేపమని అప్పజెప్పినవే ఎక్కువ. మోకాళ్లు మొరాయించాక ఎవరి గొర్రెలు వాళ్లకు ఒప్పజెప్పి కూతురి దగ్గరికి వచ్చేసింది. ప్రశాంతి మిర్యాలగూడలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. పొద్దున బస్సెక్కితే మాపటికి వస్తుంది. అల్లుడు లారీ డ్రైవరు. ఎప్పుడు వస్తాడో ఎప్పుడు పోతాడో అతనికే తెలియదు. కాబట్టి పగలంతా అచ్చమ్మకు తోడు గోడలే.

అయితే ఆమె గోడలు చూస్తూ కూర్చునే రకం కాదు. వాడకట్టు కుక్కలకు నీళ్లు పెట్టేది, ఎవరి గేదె దగ్గినా వెళ్లి నోరు తెరిచి చూసేది. ప్రాణమున్నది ఏది కనిపించినా దాన్ని చూసుకోవాలి. నాకు కాస్త జలుబు చేసినా మెట్లు దిగి వచ్చి నా కళ్లు పరీక్షించేది. నేను విసుక్కునేవాణ్ణి.

ఆండాళు టీచరుది ఇంకో తీరు. తుంగతుర్తి వైపు భూములున్న ఇంటి ఆడబిడ్డ. హిందీ చెప్పి రిటైరైంది కానీ ఆ పెత్తనం మాత్రం రిటైరు కాలేదు. ఆమెకు ప్రాణమంతా మెట్ల దగ్గరున్న ఒక మొక్క మీద. మాన్‌స్టెరా అంటారట. విస్తరంత ఆకులు, ఆకుల నిండా చిల్లులు. పూవు లేదు, కాయ లేదు, కూర వండుకోవడానికీ లేదు. ఆమె మాత్రం రోజూ ఆ ఆకులను తడిగుడ్డతో తుడిచేది. అచ్చమ్మ మొదటిసారి దాన్ని చూసి, "ఏందమ్మా, మేక గిట్ల పడ్డదా దీని మీద?" అని అడిగింది. టీచరు నవ్వడం నేను చూసింది ఆ రోజే.

ఎండాకాలంలో కోదాడలో ఉన్న టీచరు కూతురు లహరికి రెండో కాన్పు వచ్చింది. టీచరు అక్కడికి ప్రయాణమైంది. పోయే ముందు అచ్చమ్మను పిలిచి మొక్క చూపించింది.

"అచ్చమ్మా, దీన్ని నీ చేతుల పెట్టి పోతున్న. మట్టిల వేలు పెట్టి చూడు. లోపల పొడిగ ఉంటేనే నీళ్లు పొయ్యి. ఇంకేం చెయ్యొద్దు. వానలు పడ్డంక నేనొచ్చి కుండీ మారుస్త."

నేను పక్కనే ఉన్నాను. ఆమె చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి. అచ్చమ్మ చెవిలో మాత్రం 'నీ చేతుల పెట్టి పోతున్న' అన్న ఒక్క మాటే నిలిచినట్టుంది.

కొన్నాళ్లు బాగానే గడిచింది. ఒకరోజు పొద్దున ఆమె నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. కుండీ వంచి అడుగు చూపించింది. చిల్లులోంచి వేర్లు బయటికి వచ్చి చుట్టలు చుట్టుకున్నాయి.

"సూడు సారూ, కాళ్లకు తావు లేదు దీనికి. నీళ్లు పోస్తె పోసినట్టే కిందికి కారిపోతున్నయి. కొత్త ఆకు గూడ గింతే వచ్చింది."

"టీచరమ్మ వచ్చి మారుస్త అన్నది గద" అన్నాను.

"గప్పటిదాక ఈ జీవం ఆగుతదా?"

ఆగుతుందనే తర్వాత తెలిసింది. ఇరుకు కుండీలో ఈ జాతి మొక్కకు ఎదుగుదల మందగిస్తుందే తప్ప ప్రాణం పోదట. అప్పుడు ఇద్దరికీ తెలియదు. నాకు తులసి తప్ప మరో మొక్క పరిచయం లేదు.

ఆ వారమే రోహిణి కార్తె ప్రవేశించింది. రోళ్లు పగిలే ఎండలో అచ్చమ్మ బస్సెక్కి ఊరికి పోయి రెండు సంచులు తెచ్చింది. ఒకదాంట్లో చెరువు నల్లమట్టి. రెండోదాంట్లో అప్పుడే దొడ్డి ఊడ్చి ఎత్తిన గొర్రె పెంటికలు. వాళ్ల పల్లెల్లో దానికున్న విలువ మనకు అర్థం కాదు. 'మా పొలంలో ఒక రాత్రి మంద పెట్టు' అని పెద్ద పెద్ద రైతులు వచ్చి గొర్లకాపరిని బతిమాలుకుంటారు. మంద కూర్చున్న మడిలో వరి ఎట్లా లేస్తుందో అచ్చమ్మ జీవితమంతా చూసింది. తన దగ్గరున్నవాటిలో మేలైనదేదో అదే తెచ్చింది.

నీళ్లు పట్టుకునే పెద్ద సిమెంటు తొట్టి ఒకటి పెరట్లో పడి ఉంటే మొక్కను అందులోకి మార్చింది. సగం మట్టి, సగం పెంటికలు. కాలితో గట్టిగా తొక్కింది. బిందెడు నీళ్లు కుమ్మరించింది. పని ముగిశాక మోకాలు పట్టుకుని మెట్టు మీద కూర్చుని, "ఇగ సూడు సారూ, ఎట్ల లేస్తదో" అంది. ఆ ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

మొక్క లేవలేదు. ముందు ఆకుల అంచులు కాలినట్టు నల్లబడ్డాయి. తర్వాత పండుబారాయి. వాడిందనుకుని ఆమె మళ్లీ నీళ్లు పోసింది. ఒక పెద్ద ఆకు తొడిమెతో సహా ఊడి చేతికొచ్చింది. ప్రశాంతి మొదలు దగ్గర నొక్కి చూస్తే వేలు లోపలికి దిగింది. వాసన చూసి ముఖం తిప్పుకుంది. ఆ వాసన తనకు దవాఖానలో తెలిసిందేనట.

ఆ సాయంత్రమే టీచరు ఫోన్ చేసింది. అచ్చమ్మకు ఫోన్ వాడటం రాదు, ఎత్తేది ప్రశాంతే.

"బాగుంది ఆంటీ. మంచిగున్నది" అంది ప్రశాంతి.

అచ్చమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టకపోతే ప్రశాంతి తల పట్టుకుంది. తల్లి మీద ప్రేమతోనే ఒక ఉపాయం చేసింది. మిర్యాలగూడ నర్సరీలో అటువంటిదే, అంతే ఎత్తుది వెతికి పట్టుకుని ఆటోలో దింపించింది. నిజం చెప్పాలంటే అది పాతదానికంటే నిగనిగలాడుతోంది. టీచరు తేడా పోల్చుకోలేదులెమ్మని నేను కూడా అన్నాను.

అచ్చమ్మ దాన్ని మెట్ల దగ్గర పెట్టనియ్యలేదు.

"మంది గొర్రె చస్తె ఇంకో గొర్రెను తెచ్చి నిలబెడ్తరా? గట్ల జేస్తె అసలుదాన్ని అమ్ముకున్నరంటరు. తోలు తీస్కపోయి చూపియ్యాలె."

ప్రశాంతి నాకు విడమరిచి చెప్పింది. అప్పజెప్పిన జీవం చస్తే కాపరి దాని తోలు తీసుకుపోయి సొంతదారు ముందు పరవాలి. ఎట్లా చచ్చిందో చెప్పాలి. చూసినవాడొకడు పక్కన నిలబడాలి. తోలు చూపనివాడి మందలోకి మళ్లీ ఎవరూ గొర్రెను తోలరు. వాళ్లమ్మ ఇన్నేళ్లు ఊళ్లో తలెత్తుకుని తిరిగింది ఆ ఒక్క పేరు మీదే. ఇప్పుడు ఆ పేరు పోతుందేమో అన్నదే ఆమె భయం. ఇల్లు ఖాళీ చేయమంటారన్న భయం కూడా దాని ముందు చిన్నదే.

"సారూ, మీరు సాక్షి" అంది అచ్చమ్మ. ఇన్నేళ్లు సాక్షులను చూసి ముక్కు చిట్లించిన నాకు తగిన శాస్తే జరిగింది.

మృగశిర వచ్చింది. ఊరంతా చేపలు కొనుక్కునే రోజున మేం కోదాడ బస్సెక్కాం. ఆమె ఒళ్లో పాత తువ్వాలు మూట. కండక్టరు ముక్కు మూసుకుని అదేమిటని అడిగితే, "మొక్క" అంది. అతను నమ్మినట్టు లేడు.

లహరి ఇంటి వరండాలో టీచరు కూర్చుని ఉంది. లోపల పసిపాప నిద్రపోతోంది. అచ్చమ్మ మంచినీళ్లు కూడా పుచ్చుకోలేదు. నేల మీద తువ్వాలు పరిచింది. నల్లబడిన ఆకులు, మెత్తబడ్డ వేర్లు, కుళ్లిన మొదలు, మీది కాడ. ఒక్కటీ పారెయ్యలేదు.

"టీచరమ్మా, మీరు నా చేతుల పెట్టిన జీవం పోయింది. రోగమొచ్చి పోలేదు. నేను జేసిన పనికే పోయింది. అమ్ముకోలే. గిదీ అది. సారు సాక్షి."

నేను గొంతు సవరించుకుని, అవునన్నాను.

టీచరుకు కోపం వచ్చింది. రాకుండా ఎందుకుంటుంది? "ముట్టొద్దని చెప్పిననా లేదా? ఏం పోసినవ్ దాంట్ల?"

అచ్చమ్మ దాపరికం లేకుండా చెప్పింది. పచ్చి పెంటికలు అనేసరికి టీచరు నుదురు కొట్టుకుంది.

"అది పొలానికి బంగారమే. పొలంల వాన పడతది, ఎండ తగులుతది, దాని వేడి భూమి మీదికెల్లి పోతది. తొట్టిల ఎటు పోతది? వేర్లను ఉడకబెట్టింది. పైగ నల్లమట్టి. అది నీళ్లను పట్టుకుంటే విడవదు. అంత పెద్ద తొట్టిల తడి ఎప్పటికి ఆరాలె? పాతదానికన్న రెండు వేళ్లు వెడల్పున్న కుండీ అయితే చాలు. అదీ రోహిణిల కాదు. జర ఆగితే ఇయ్యాల్టికి మంచి అదను."

అచ్చమ్మ తల వంచుకుని విన్నది. టీచరు తిడుతూనే కాడను చేతిలోకి తీసుకుంది. పైనుంచి నొక్కుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. అక్కడ కణుపు గట్టిగా ఉంది. కణుపు పక్కన వేలెడు గాలివేరు. గోటితో గీరితే లోపల తెల్లగా ఉంది.

ఆమె లేచి లోపలికి వెళ్లింది. కత్తి తెచ్చి మంట మీద కాల్చింది. చెడిన భాగానికి బాగా పైకి, గట్టి కణుపుకు కాస్త కిందుగా కోసింది. అట్లాగే ఇంకో ముక్క దొరికింది. కోసినచోట పసుపు అద్ది నీడలో ఆరబెట్టింది. ఆరేలోగా కొబ్బరి పొట్టు, ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా మాగిన ఆకుల ఎరువు కలిపింది. అచ్చమ్మ ఆ ఎరువును పిడికిట్లోకి తీసుకుని వాసన చూసింది. వాసనే లేకపోవడం ఆమెకు వింతగా ఉన్నట్టుంది. అడుగున చిల్లులున్న రెండు చిన్న కుండీల్లో కణుపు మట్టిలోకి పోయేట్టు ముక్కలు నాటి, వేళ్లతో మెల్లగా అదిమింది. గ్లాసుడు నీళ్లు పోసి, అవి కిందికి కారేదాకా చూసింది.

"ఇగ వీటిని తీస్కపో. మెట్ల కింద పెట్టు. వెలుతురుండాలె, ఎండ తగలొద్దు" అంది.

అచ్చమ్మ చేతులు చాపలేదు. "వద్దు టీచరమ్మా. నాకు గొర్రె తెల్సు గని గిది తెల్వది. నాకు భయమైతది."

"నీ బిడ్డ ఫోన్ల మంచిగున్నదని చెప్పింది. నేను నమ్మిన" అంది టీచరు. "నువ్వేమో చచ్చిందని చెప్పనీకె ఇంత దూరమొచ్చినవ్. మరి వీటిని ఎవరి చేతుల పెట్టమంటవ్?"

అచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి ముఖం తుడుచుకుని రెండు కుండీలనూ అందుకుంది.

"వేర్లు కిందికెల్లి కనబడితె ముట్టకు, నాకు ఫోన్ చెయ్యి" అని గేటు దాకా వచ్చి చెప్పింది టీచరు. "నువ్వే చెయ్యాలె. బిడ్డతోని చేయించకు."

తిరుగు బస్సులో రెండు కుండీలూ ఒళ్లో పెట్టుకుని అచ్చమ్మ నన్ను ఫోన్ చేయడం నేర్పమంది. నా ఫోనే ఇచ్చాను. ఏ బొమ్మ నొక్కాలో, పేరు ఎట్లా పోల్చుకోవాలో చూపించాను. తప్పు నొక్కి ఎవరెవరికో కలిపింది, వాళ్లందరికీ నేను సంజాయిషీ చెప్పుకున్నాను. మునగాల దాటుతుండగా సరైన చోట వేలు పడింది. అటువైపు టీచరు గొంతు వినపడగానే ఆమె ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"టీచరమ్మా, నేనే అచ్చమ్మను. ఇంక బతికే ఉన్నయి" అంది.