చెరిపానని చెప్పిన గీత

ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పనిది ఒకటుంది నా దగ్గర. మోసీ మోసీ, బరువన్న సంగతే మరిచిపోయిన రోజులూ ఉన్నాయి. కానీ ఎవరో ఒక పేషెంట్ చెయ్యి పైకెత్తి, దాని వెనకవైపు చూడాల్సి వచ్చినప్పుడల్లా అది లేచి కూర్చుంటుంది.

ముందే ఒక మాట. నేను కోతలు కోసే మనిషిని. శంషాబాద్‌లో నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి మెడ పట్టేసి వచ్చినవాళ్లకు, మా మేనత్త బర్రె రన్‌వే ఎక్కితే పైలట్ హారన్ కొట్టి కొట్టి, విసిగి, చివరికి దిగొచ్చి దానికి దండం పెట్టిన కథ చెబుతాను. వాళ్లు నవ్వుతుండగానే మెడ తిప్పేస్తాను. ఇదీ అలాంటిదే అనుకుంటారేమో. అనుకోకండి.

ఎస్తేరూ నేనూ ఒకే బస్సులో చదువుకు వెళ్లేవాళ్లం. వాళ్లది శంషాబాద్‌లో చర్చి వెనక వీధి, మాది సాతంరాయి. అప్పటికి ఇక్కడ విమానాశ్రయం లేదు. ఆరాంఘర్‌లో బస్సు మారి, నగరంలోని ఫిజియోథెరపీ కాలేజీకి పోయేవాళ్లం. మొదటి ఏడాది నరాల పాఠం క్లాసు మొత్తాన్నీ ఏడిపించింది. నాకూ అర్థమయ్యేది కాదు. కానీ నాకు కథలు అల్లడం వచ్చు. తల నుంచి పొట్ట దాకా పోయే వేగస్ నరాన్ని ఊర్లు పట్టుకు తిరిగే మేనమామను చేశాను. గొంతు దగ్గర చాయ్ తాగుతాడు, గుండెను పలకరిస్తాడు, పొట్ట దగ్గర భోజనానికి కూర్చుంటాడు. మధ్యాహ్నం డబ్బాలు తెరిచేసరికి అందరూ నా చుట్టూ చేరేవాళ్లు. మార్కులు ఎస్తేరుకు వచ్చేవి. రానీ అనుకున్నాను. నా చుట్టూ మనుషులున్నారు, చాలదా?

ఒకరోజు మేనమామ కథ అయిపోయాక, ఎప్పుడూ పెదవి విప్పని ఎస్తేరు మెల్లగా అంది: "మేనమామ ఛాతి దాంక పొయ్యిండు గదా, గొంతుకాడ చెప్పులు మర్చిపొయ్యిన్నని మళ్ల ఎనుకకు రాలేదా?"

క్లాసంతా పగలబడి నవ్వింది. నా కథకు ఏనాడూ అంత నవ్వు రాలేదు. పైగా ఆమె చెప్పింది పాఠంలో ఉన్నదే. ఆ నరం కొమ్మ ఒకటి నిజంగానే ఛాతీలోకి దిగి, మళ్లీ పైకి, గొంతుకే తిరిగొస్తుంది. చదువూ ఆమెదే, ఇప్పుడు కథా ఆమెదేనా? నాకంటూ ఉన్నది అదొక్కటే. అది కూడా అడగకుండా, నవ్వుతూ, ఇంత అలవోకగా తీసుకుపోవాలా? నేనూ అందరితోపాటు నవ్వాను.

మా బ్యాచ్‌లో అందరం ఒకరి ఒంటి మీద ఒకరు గీసుకుని నరాలు నేర్చుకునేవాళ్లం. స్కెచ్ పెన్నుతో గీత, పక్కన చిన్న అక్షరాలతో పేర్లు, చివర తడిగుడ్డతో తుడుచుకోవడం. అందుకే ప్రాక్టికల్ పరీక్ష రోజు గుమ్మం దగ్గర చేతులు భుజాల దాకా చూపించి లోపలికి పోవాలి. చుక్క సిరా కనిపించినా కాపీ కింద లెక్క. ఇది అందరికీ తెలుసు. నాకూ బాగా తెలుసు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం ఖాళీ క్లాసులో ఎస్తేరు నా ముందు కూర్చుని, రేడియల్ నరం గియ్యమని చెయ్యి చాచింది. మణికట్టును పైకి లేపే నరం అది. పై చేతిలో ఎముక వెనకనుంచి చుట్టుకుని వస్తుంది. అక్కడ గీసింది ఎవరి కళ్లకు వాళ్లకు కనపడదు. బల్ల మీద నా స్కెచ్ పెన్ను ఉంది. దాని పక్కనే ఎవరో మరిచిపోయిన మార్కర్ ఉంది. ల్యాబులో సీసాల మీద పేర్లు రాసేది, మందునీళ్లు తగిలినా చెరగనిది.

చెయ్యి దానంతట అదే పోయిందని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. నరాల చదువు చదివినదాన్ని. చెయ్యి దానంతట అది పోదు.

గీశాను. పేర్లూ రాశాను. చివర తడిగుడ్డతో రుద్దినట్టు రుద్దాను. "పొయ్యిందావే?" అని అడిగింది. "అంతా పోయింది" అన్నాను. చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, నాకు థాంక్స్ చెప్పింది.

మర్నాడు గుమ్మం దగ్గర వరుసలో ఆమె ముందు, నేను వెనక. చేతులు చూస్తున్న మేడం ఆమె చెయ్యి పైకెత్తి ఆగిపోయారు.

"ఇదేమిటి ఎస్తేర్?"

"ఏంది మేడం?" మెడ తిప్పి చూసుకోబోయింది. కనపడలేదు.

"నరమంతా గీసుకొచ్చావు, పేర్లతో సహా. ఎవరు గీశారు?"

ఎస్తేరు నా వైపు తిరిగింది. ఆ కళ్లలో కోపం కోసం వెతికాను. లేదు. ఉన్నది కంగారు, అదీ నా కోసం.

"నేనే మేడం," అంది.

"నువ్వే గీసుకున్నావా?"

"నేనే."

తన చేతి వెనక తానే అంత నీటుగా ఎవరైనా గీసుకోగలరా? తనకే కనపడని చోట కాపీ రాసుకుంటారా? శరీరం గురించి పాఠాలు చెప్పే మనుషులు అంతమంది ఉన్నారక్కడ. ఒక్కరైనా ఆ మాట అడుగుతారని ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. అడగాల్సింది నేను. పక్కకు పంపేస్తుంటే ఎస్తేరు నా చెవి దగ్గర గొణిగింది: "నీ పేరెత్తితే నిన్నుగూడ పంపుతుండె. తుడిచినవు, సరిగ పోలే, గంతే గదా. ఏడ్వకు, లోపలికి పో."

లోపలికి పోయాను. పరీక్ష బాగా చేశాను. అదీ చెప్పాలి కదా.

ఆమెకు ఆ ఏడాది పరీక్షలన్నీ రద్దయ్యాయి. కాపీ కొట్టిన పిల్ల అన్న మాట ఆమెకన్నా ముందు ఇంటికి చేరింది. ఇగ చదువు చాలన్నాడు వాళ్ల బాపు. తర్వాత విమానాశ్రయం వచ్చాక అందులో ఉద్యోగం దొరికింది. నడవలేని ప్రయాణికులను చక్రాల కుర్చీలో గేటు దాకా తీసుకుపోయే పని. మోకాళ్లు బాగుచేయాల్సిన మనిషి.

అప్పుడైనా నా కుళ్లు చల్లారిందా? లేదు. ఇంకా సిగ్గుమాలిన మాట చెబుతాను, వినండి. "నేనే" అన్నందుకు కూడా ఆమె మీద నాకు అసూయే. ఆ రోజు ఆ గుమ్మంలో నన్ను మనిషిని చేయగలిగిన మాట అదొక్కటే ఉంది. దాన్ని కూడా ఆమే అనేసింది.

ఆమెకేమో నేనింకా ప్రాణస్నేహితురాలినే. మోకాళ్ల నొప్పులవాళ్లు ఎవరు కనిపించినా, "మా దోస్తు దగ్గరికి పోండి, చెయ్యి మంచిది" అని నా క్లినిక్‌కు పంపిస్తుంది.

మొన్నొక మధ్యాహ్నం డ్యూటీ దిగి తనే వచ్చింది. కుర్చీలు నెట్టీ నెట్టీ మణికట్టు వాచింది. క్లినిక్‌లో ఇంకెవరూ లేరు. ఆమె చెయ్యి నా చేతుల్లో ఉంది. ఎలా వచ్చిందో, నోట్లోంచి వచ్చేసింది.

"ఎస్తేరూ, ఆ దినం నీ చేతి మీద గీత పోకపోవుడు కాదే. సీసాల మీద రాసే మార్కర్‌తోని గీసిన. కావాలనే గీసిన."

ఆమె నన్ను చూసింది. తర్వాత వాచిన చెయ్యి లాక్కుని మరీ నవ్వింది.

"ఊకోవే! బర్రె కథ ఒడిసింది, ఇగ నా మీద పడ్డవా? చెప్తే జర నమ్మేటట్టన్న చెప్పరాదు?"

నిజమే అని మళ్లీ ఒక్కసారి అంటే సరిపోయేది. నవ్వు ఆగేది. ఆ తర్వాత ఏమయ్యేదో అయ్యేది. నేనేం చేశానో తెలుసా? "అవునే, ఇందుల జర మసాలా తక్కువైంది" అన్నాను. ఆమెతో కలిసి నేనూ నవ్వాను. కట్టు కట్టి పంపించాను. ఆటో ఎక్కుతూ కూడా ఆమె నవ్వుతూనే ఉంది. నా గురించి అంత మంచిగా అనుకోవడం ఆమెకెలా చేతనవుతుంది? అదీ ఓర్వలేకపోయాను.

ఆమె ముందు రెండోసారి అనలేని మాట మీ ముందు అంటున్నాను. ఇది కథ కాదు. ఆమెను చూసి ఓర్వలేక, తెలిసి, ఆమె చదువు పోగొట్టాను. ఆమె క్షమిస్తుందా లేదా అని ఆలోచించే హక్కు నాకు లేదు. తెలియనిదాన్ని ఎవరూ క్షమించలేరు. మీరూ క్షమించకండి. నేనడిగేది అది కాదు. ఒక్క నిజాన్ని, ఎవరినీ నవ్వించకుండా, చివరిదాకా చెప్పాను. ఊపిరి కొంచెం లోపలికి పోతోంది.