లైన్‌మన్ లింగప్ప చూసిన పిట్టలు

కుందుర్పి దగ్గర ఒక పల్లెలో లింగప్ప కరెంటు లైన్‌మన్. పద్దెనిమిదేళ్ళు ఆ పని చేశాడు. తొంభై తొమ్మిదిలో గాలివానకు తెగిన తీగ కలపబోయి స్తంభం మీద నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము కింద స్పర్శ పోయింది. మూత్రానికి పైపు వేసి, పక్కన సంచి తగిలించి ఇంటికి పంపారు.

భార్య మల్లీశ్వరి సొంత అక్క కూతురే. రోజూ కూలికి పోయేముందు పక్కింటి ఎర్రన్నను పిలిచి, ఇద్దరూ కలిసి మంచాన్ని దొడ్లో వేపచెట్టు కిందికి చేర్చేవాళ్ళు. మొదటి రెండేళ్ళు ఆ ఇంట్లో మాటలు తక్కువ. అన్నం పళ్ళెం విసిరేసిన రోజులు కూడా ఉన్నాయి. ఆమె మెతుకులు ఏరుకుని, సంచి కడిగి, పనికి పోయేది.

రెండువేల ఒకటి ఫిబ్రవరిలో వేప ఆకు రాల్చింది. కొమ్మలు బయటపడ్డాయి, వాటి మీద పిట్టలు కనిపించాయి. అప్పటిదాకా లింగప్ప దగ్గరగా చూసిన పిట్టలన్నీ తీగల కింద మాడిపడి ఉన్నవే.

ఆ సాయంత్రం అతనే ముందు మాట్లాడాడు.

"మల్లీ, నల్లగా ఉండాది. తోక చీలి ఉండాది. కాకిని తరుముకుంటా పోయింది. ఏం పిట్ట అది?"

ఆమె సంగటి కెలుకుతూ తల ఎత్తలేదు. "ఎట్రింత. దానికి కాకన్నా లెక్కలేదు, గద్దన్నా లెక్కలేదు."

"నీకెట్ల తెలుసు?"

"పదేండ్లు జొన్నచేను కావిలి కాసినా మామా. వాటితోనే కదా నా కొట్లాట."

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆమె చిన్నతనం గురించి తానేమీ అడగలేదని లింగప్పకు అప్పుడు తట్టింది.

అప్పటి నుంచి పగలంతా చూసినవి గుర్తుపెట్టుకుని సాయంత్రం చెప్పేవాడు. తల మీద కుచ్చు, తోక కింద ఎరుపు ఉంటే పికిలిపిట్ట. మునగ పూత మీద గాల్లో ఆగి ముక్కు దూర్చేది తేనెపిట్ట. నేలను పొడుచుకుంటూ తిరిగి, ఉలిక్కిపడితే తల మీద విసనకర్ర విప్పేది కూకుడుగువ్వ. మరుసటి ఫిబ్రవరికి కళ్ళు మూసుకుని గొంతును బట్టే చెప్పగలిగాడు. తప్పు చెబితే ఆమె దిద్దేది. అంత అలసటలోనూ ఒకటి రెండుసార్లు నవ్వింది.

రెండువేల మూడుకు వానలు మొహం చాటేసి చాలా కాలమైంది. ఊరి బోరు ఎండిపోయింది. మూడు రోజులకొకసారి ట్యాంకరు వచ్చేది, ఇంటికి నాలుగు బిందెలు. దొడ్లో పిట్టలు ముక్కులు తెరుచుకుని కూర్చునేవి.

"ఒక మూకుట్లో నీళ్ళు పోసిపెట్టు," అన్నాడు లింగప్ప.

"మనుషులకే లేవు. పిట్టలకు యాడ తెచ్చేది?"

"నా చెంబులోవి పోస్తాలే, రవ్వంత."

ఆమె మూకుడు తెచ్చి మంచం పక్కన పెట్టింది. పైపు ఉన్న మనిషి నీళ్ళు బాగా తాగాలని డాక్టరు గట్టిగా చెప్పాడు కాబట్టి, తాను తాగేది సగానికి తగ్గించుకుని అయినా పొద్దున్నే అతనికి పెద్ద చెంబు నింపిపెట్టేది. సాయంత్రానికి చెంబు ఖాళీ. తాగాడనుకునేది.

మార్చి నడిమిలో ఒకరోజు పని దొరక్క మధ్యాహ్నమే తిరిగొచ్చింది. లింగప్ప వేలు ఎత్తి, కదలొద్దని సైగ చేశాడు. మూకుడు అంచున తెల్లటి పిట్ట. తల నల్లగా నిగనిగలాడుతోంది. తోక మూరెడు పొడవున రెండు తెల్ల రిబ్బన్లలా వేలాడుతోంది. నీళ్ళలో మునిగి లేచి, రెక్కలు విదిలించి, గోడ దాటి పోయింది.

"తోకపిగిలి పిట్ట," అంది ఆమె మెల్లగా. "మా నాయన ఒకసారి చూపించినాడు. మళ్ళీ ఈ పొద్దే చూడటం."

అప్పుడు ఆమె చూపు మూకుడు మీద పడింది. నిండుగా ఉంది. చెంబు బోర్లా పడి ఉంది. సంచిలో మూత్రం అడుగున కాస్త, ఎర్రగా.

"నువ్వు తాగినావా?"

"తాగినాలే."

"అబద్ధం చెప్పొద్దు మామా."

అతను గోడవైపు తల తిప్పుకున్నాడు. "తాగితే సంచి నిండుతాది. నిండితే నీకే కదా కష్టం. ఇంటికొచ్చి ఒక గడియ కూచునేది లేదు నువ్వు. ఆ నీళ్ళు వాటికన్నా పనికొస్తాయని పోసినా."

ఆమె బిందె వంచి గ్లాసు నింపి అతని నోటికి పెట్టింది. చెయ్యి తగిలితే ఒళ్ళు కాలిపోతోంది. వారం రోజులుగా చలిజ్వరం వచ్చిపోతోందని అప్పుడు చెప్పాడు.

ఎర్రన్న ఆటో మాట్లాడుకొచ్చాడు. కళ్యాణదుర్గంలో డాక్టరు చూసి, మూత్రపిండాల దాకా చీము పట్టిందన్నాడు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున లింగప్ప పోయాడు. ఉగాదికి ఇంకా వారం ఉంది.

దినాలకు మడకశిర నుంచి మల్లీశ్వరి తల్లి తిమ్మమ్మ వచ్చింది. తమ్ముడు ఎట్ల పోయినాడని కూతుర్ని అడిగింది. జ్వరంతో అంది మల్లీశ్వరి. అంతకు మించి ఎవరికీ చెప్పలేదు, ఒక్క ఎర్రన్నకు తప్ప.

"చెంబు ఖాళీ అయితే తాగినాడనుకుంటి అన్నా. పిట్టల పేర్లు అడిగితే చెప్పినా గానీ, నీళ్ళు తాగినావా అని ఒక్కనాడూ అడగలే."

ఎర్రన్న తలపాగా విప్పి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

జూన్‌లో కూడా వాన పడలేదు. మల్లీశ్వరి ఇంటికి తాళం వేసి తల్లితో మడకశిర బస్సెక్కింది. అక్కడ పట్టుగూళ్ళ నుంచి దారం తీసే షెడ్డులో పనికి కుదిరింది. పొద్దుటి నుంచి మునిమాపు దాకా ఉడుకు నీళ్ళలో చేతులు, చెవుల నిండా యంత్రాల మోత. బయట ఏ పిట్ట కూసినా ఆమెకు వినిపించేది కాదు.